శూన్యసూచిక: సీ భాషలోని ఒక ఒప్పందము

మన తెలుగు లిపిలో సున్న అను గుండ్రని గుర్తు రెండు పనులు చేయుచున్నది. అంకెల నడుమ నిలిచినచో సంఖ్య యగును. అక్షరము ప్రక్కన నిలిచినచో అనుస్వారమై పలుకును. గుర్తు ఒక్కటే; విలువను నిర్ణయించునది దాని స్థానము. సీ అను కంప్యూటరు భాషలో సున్న సంగతియు ఇట్టిదే.

బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ 1970 దశకపు తొలి యేండ్లలో రూపొందించిన ఈ భాషలో పాయింటరు అను సాధనము కలదు. దానిని మనము సూచిక యని పిలుచుకొందము. యంత్రపు మెమరీలో ఒక వస్తువు ఎచ్చట నున్నదో తెలుపు చిరునామా దానియందుండును. అయితే కొన్ని వేళల 'ఈ సూచిక దేనినీ చూపుటలేదు' అని చెప్పవలసి వచ్చును. గొలుసుగా కూర్చిన పట్టిక ఎచ్చట ముగిసినదో తెలియవలెను గదా! అడిగిన మెమరీ దొరకనప్పుడు ఆ మాటయు తెలుపవలెను గదా! అందులకై ఏర్పడినదే శూన్యసూచిక.

దీనికి 1989లో అమెరికాలోను, 1990లో అంతర్జాతీయముగాను వెలువడిన ప్రమాణము ఇచ్చిన నిర్వచనము క్లుప్తమైనది. విలువ సున్నగా గల స్థిర పూర్ణాంకము గాని, దానినే వాయిడ్ సూచికగా మార్చి వ్రాసినది గాని శూన్యసూచికా స్థిరాంకము. అది సూచికగా మారగా కలుగు ఫలము శూన్యసూచిక. అది ఏ వస్తువు యొక్క, ఏ ఫంక్షను యొక్క సూచికతోను సమానము కాజాలదు. ఇంతకుమించి యంత్రములో దాని రూపము సున్నల వరుసగానే యుండవలెనని ఎచ్చటను విధింపలేదు. సున్న యనునది మనము వ్రాయు గుర్తు మాత్రమే. దానిని ఆయా యంత్రమునకు తగిన రూపమునకు మార్చుట కంపైలరు బాధ్యత.

ఇది కేవలము ఊహ కాదు. ప్రైమ్ 50 శ్రేణి యంత్రములలో మొదట వాడిన శూన్యసూచిక సున్నల వరుస కాదు. కాని అన్ని యంత్రములలోను సున్నలే యుండునని తలచి వ్రాసిన సీ ప్రోగ్రాములు లోకములో మెండుగా నుండుటచే, తరువాతి నమూనాలలో సీ కొరకు సున్నల రూపమునే గైకొని, దానిని పరీక్షించుటకు కొత్త యంత్రాదేశములను చేర్చవలసి వచ్చెను.

నల్ అను పేరుతోను చిక్కు కలదు. ఒక కంపైలరు దానిని వట్టి సున్నగా, మరియొకటి వాయిడ్ సూచికగా గ్రహింపవచ్చును. ఎన్ని విలువలనైనను స్వీకరించు ఫంక్షనునకు దానిని పంపునప్పుడు ఈ భేదము హాని చేయును. అచ్చట కావలసినది సంఖ్యయో, సూచికయో కంపైలరునకు తెలియదు. ఈ సందిగ్ధమును తీర్చుటకే 2024లో వెలువడిన ప్రమాణము నల్‌పీటీఆర్ అను ప్రత్యేక పదమును భాషలో చేర్చినది.

శూన్యసూచిక చూపు చోటును చదువబోయినచో ఏమగునో ప్రమాణము చెప్పలేదు. తరచుగా ప్రోగ్రాము ఆగిపోవును. కాని ఆగితీరవలెనను నియమము లేదు. అసలైన అపాయ మిచ్చటనే యున్నది. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని టన్ అను నెట్‌వర్కు డ్రైవరులో ఒక లోపము బయటపడినది. అందు సూచికను ముందు ఉపయోగించి, అది శూన్యమా యని పిదప పరీక్షించిరి. ముందే ఉపయోగించిరి గనుక అది శూన్యము కాజాలదని తర్కించి, కంపైలరు ఆ పరీక్షను తొలగించెను. ఆ సందున సామాన్య వినియోగదారుడు యంత్రముపై సర్వాధికారమును చేజిక్కించుకొనుటకు వీలు కలిగెను. ఇట్టి పరీక్షలను తొలగింపరాదని కంపైలరును ఆదేశించియే కెర్నెల్‌ను నిర్మించుట అటుపిమ్మట ఆచారమైనది.

ఆ 2009లోనే టోనీ హోర్, తాను 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషకై ప్రవేశపెట్టిన శూన్యసూచనను నూరు కోట్ల డాలర్ల పొరపాటుగా పేర్కొనిరి. అయినను సీ భాష వాడుకలో నున్నంతకాలము శూన్యసూచిక మనతోనే యుండును. ఇది దేనినీ చూపదు అను ఒక్క హామీని మాత్రమే అది మనకిచ్చినది. మనలను కాపాడుదునని ఎన్నడును అనలేదు. కావున ముందు పరీక్ష, పిదప వాడుక: ఈ వరుసను తప్పకుండుటయే మనము చేయవలసిన పని.