దాచుకొన్న ఆకలి



నల్లగొండ, సూర్యాపేట దిక్కులనుండి వచ్చు బస్సులు ఎల్.బి.నగర్ చేరగనే, పెట్టెలు చేతబట్టుకొని దిగు పిల్లలను మీరు చూచియే యుందురు. మీ మనుమరాండ్రును వారిలో నుండవచ్చును. అచ్చటినుండి మెట్రోరైలులో మూడవ మజిలీ దిల్‌సుఖ్‌నగర్. ఆ హాస్టళ్లలో నుండి వారు పరీక్షలకు చదువుకొందురు. "తిన్నావా" యని మనము ఫోనులో అడుగుదుము. "తిన్నాను" అను జవాబు నిజమే యైనను, దాని వెనుక దాగియుండగల వ్యాధి యొకటి కలదు.

దాని పేరు బులీమియా నెర్వోసా. బులీమియా యనగా గ్రీకు భాషలో ఎద్దుకు గల యంతటి ఆకలి. ఇది మన వైద్యులు చెప్పిన భస్మకరోగమే యనుకొందురేమో! భస్మకమున దోషము జఠరాగ్నిది, ఇందు మనస్సుది. 1979లో లండనులో జెరాల్డ్ రస్సెల్ అను వైద్యుడు 30 మంది రోగులను గూర్చి వ్రాసి, దీనికి ఆ పేరు పెట్టెను. ఆడపిల్లలకే హెచ్చు, మగపిల్లలకును వచ్చును.

దేహము సన్నగానున్ననే తనకు విలువ యని పిల్ల నమ్మును. పరీక్షల భయము, ఒంటరితనము, ఎవరో యన్న మాట ఆ నమ్మకమునకు నీరు పోయును. ఉదయము తిండి మానును, మధ్యాహ్నము మానును. రాత్రి కట్టు తెగి, ఆపుకొనలేక, నలుగురి తిండి తినును. పిదప భయపడి వాంతి చేసికొనును. లేదా విరేచనపు మందు మ్రింగును. అప్పటికి మనస్సు తేలికపడును. వ్యాధిని నిలుపునది ఆ తేలికపాటే. తిన్నదంతయు పోయినదని ఆమె భ్రమ. నిజమునకు చాలభాగము కడుపులోనే నిలుచును. సిగ్గుచే మరునాడు మరింత కఠిన నియమము, నియమముచే మరల ఆకలి. గానుగెద్దు తిరిగినట్లు ఏండ్లు గడచును.

ఏకాదశి యుపవాసము చేసి ద్వాదశినాడు పారణ చేయు మనకు ఆ యాకలి కొంత తెలియును. కాని మన పారణ పదిమంది నడుమ జరుగును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యవంతులగు 36 మంది యువకులకు 24 వారములు తిండి తగ్గించిరి. పిదప స్వేచ్ఛగా తినుమనగా, కొందరు కడుపు నిండినను ఆపుకొనలేకపోయిరి. కావున దీనిని తిండిపోతుతన మనరాదు.

ఇచ్చట నా తప్పొకటి చెప్పవలెను. బడిలో పనిచేయునప్పుడు ఒక బాలికను "గుమ్మడికాయ" యని పిలిచి తరగతిని నవ్వించుచుంటిని. అది వాత్సల్యమే యనుకొంటిని. ఆమె మధ్యాహ్నపు డబ్బా తెరువక ఇంటికి తెచ్చుచున్నదని ఆమె తల్లి వచ్చి చెప్పువరకు నాకు తెలియలేదు.

ఈ రోగుల బరువు తరచు మామూలుగానే యుండును. అందుచే ఇంటివారు గుర్తింపరు. పండ్ల పైపొర యరుగుట, చెవులక్రింద చెక్కిళ్లు ఉబ్బుట గమనింపదగినవి. వాంతులచే రక్తములో పొటాషియము తగ్గినచో గుండెకే ముప్పు.

చికిత్స కలదు. ఆక్స్‌ఫర్డులో ఫేర్‌బర్న్ అను వైద్యుడు 1981లో ప్రకటించిన పద్ధతిలో మొదటి పని, వేళకు పూటపూట తినుట; తిన్నదియు, అప్పటి మనస్సును పుస్తకమున వ్రాసికొనుట. దేహమును గూర్చిన నమ్మకములను పిదప మెల్లగా సడలింతురు. కొందరికి మందును ఇత్తురు. ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యాలయ మున్నది. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ వారితో 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

సెలవులకు వచ్చిన పిల్ల భోజనము కాగానే ప్రతిదినము స్నానాలగదికి పోవుచున్నచో, తలుపు కొట్టి నిలదీయకుడు. సాయంకాలము అరుగుమీద ఒంటరిగా నున్నప్పుడు ప్రక్కన కూర్చుండి, "ఏమమ్మా, అక్కడ కష్టముగా నున్నదా" యని అడుగుడు. ఆమె చెప్పునంతవరకు నడుమ మాటాడకుడు.