చదువుకునే గంట ఎవరిది?



నేను తెనాలిలో ఉంటాను. రేపల్లె దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. రోజూ బ్రాంచి లైను రైల్లోనే రాకపోకలు. 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ఆఫీసు పనులకి బాపట్ల కూడా వెళ్ళాలి. వీటి మధ్యే పాఠశాల నాయకత్వం మీద ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాను.

"ఇంట్లోనే కూర్చుని చదువుకోవచ్చు, ఆడవాళ్ళకెంత సౌకర్యం!" అంటారు. మనకి ఇల్లంటే కూర్చునే చోటా? మగ టీచరు తలుపేసుకుంటే "సార్ చదువుకుంటున్నారు" అంటారు. నేను ఫోను తీస్తే "ఎప్పుడూ ఆ ఫోనేనా" అంటారు. అందుకే నా పాఠాలు ఎక్కువగా రైల్లోనే సాగుతున్నాయి.

అయినా ఈ చదువు మనకి అవసరం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో సగంమంది స్త్రీలుండాలి. మా బడిలో తల్లులు సంతకం పెట్టి కూలికి పరుగెత్తేవారు. కోర్సులో ఈ సంగతి చదివాక, ఏ వేళైతే కుదురుతుందని వాళ్ళనే అడిగాను. సమావేశం సాయంత్రానికి మార్చాం. కూర్చున్నారు. మొదట అడిగింది ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళు.

వాళ్ళకైనా నాకైనా కరువైంది తీరికే. కాబట్టి శిక్షణ గంటల్ని పని గంటల్లో కలపమని సంఘాల్లో అడుగుదాం. వంటపనిలో వాటా ఇంట్లో అడుగుదాం. రెండోది అడగడమే కష్టం, తెలుసు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.