ఇంటీరియర్ చేయిస్తున్నారా? ముందు ఈ లిస్ట్ రాసుకోండి

ఈ ఎపిసోడ్ మా ఇంటి కథే.

మా నాన్న పత్తి, మిర్చి వేస్తారు. పత్తి గింజలు కొంటే బిల్లుతో పాటు ఖాళీ ప్యాకెట్ కూడా దాస్తారు. మొలక రాకపోతే అడగడానికి దాని మీదున్న లాట్ నంబరే ఆధారం. గుంటూరు యార్డుకి మిర్చి తోలితే తక్‌పట్టీ లేకుండా ఇంటికి రారు.

అంత జాగ్రత్తపరుడు, అదే మిర్చి డబ్బులతో ఇంటికి ఇంటీరియర్ చేయిస్తే వివరాలున్న కాగితం ఒక్కటీ తీసుకోలేదు. ఆఫీసులో చిన్న మార్పుకి కూడా టికెట్ రాసే నేనూ అడగలేదు. కొటేషన్‌లో ఉన్నది ఒకటే లైను: కిచెన్ ప్లైవుడ్ వర్క్, చదరపు అడుగుకి ఇంత. రెండు వానాకాలాలు తిరిగేసరికి సింకు కింద కబోర్డు ఉబ్బిపోయింది. "వాటర్‌ప్రూఫ్ అని నేనెప్పుడన్నానండీ?" అన్నాడు పని చేసినాయన. అన్నాడనే మాకు గుర్తు. కానీ చూపించడానికి ఏముంది?

డిజైనర్లు దీనికోసమే ఎఫ్ఎఫ్ అండ్ ఈ షెడ్యూల్ రాస్తారు. ఫర్నిచర్, ఫిక్చర్లు, ఎక్విప్‌మెంట్ లిస్ట్ అన్నమాట. మనకి ఫోన్‌లో గూగుల్ షీట్ చాలు. ఒక్కో వస్తువుకి ఒక్కో వరుస: ఏ గది, ఏ వస్తువు, కంపెనీ, మోడల్ నంబరు, కొలతలు, ఎన్ని, రేటు, వారంటీ, ఫొటో.

ఉదాహరణకి ఉత్త "ప్లైవుడ్" అని రాయొద్దు. "18 ఎంఎం, ఐఎస్ 710, ఫలానా కంపెనీ" అని రాయండి. 710 అంటే మెరైన్ ప్లై. ఐఎస్ 303లో వచ్చే ఎంఆర్ గ్రేడ్ గాలిలో తేమ వరకే, సింకు కింద నీళ్లకి ఆగదు. షీటు మీద ఐఎస్ఐ మార్కుతో పాటు సీఎం/ఎల్ నంబరు ఉంటుంది. రంపం పెట్టకముందే దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఫొటో తీసుకోండి. లామినేట్‌కి "క్రీమ్ కలర్" అంటే సరిపోదు, షేడ్ నంబరు కావాలి. రేపు ఒక తలుపు మార్చాలన్నా ఆ నంబరే దిక్కు.

ఇంకో మాట. ముందు ఎక్విప్‌మెంట్, తర్వాతే చెక్కపని. ఫ్రిజ్ వెడల్పెంత, తలుపు ఎటు తెరుచుకుంటుంది, చిమ్నీ 60 సెంటీమీటర్లా 90నా, హాబ్‌కి రాయి ఎంత కొయ్యాలి, గీజర్‌కి 16 యాంప్స్ పాయింట్ ఎక్కడ? ఇవన్నీ షీట్‌లో ఉంటే గోడ రెండోసారి పగలదు.

మధ్యలో "స్టాక్ లేదండీ, అలాంటిదే ఇంకోటి వేద్దాం" అంటారు. వేయించుకోండి, తప్పు లేదు. కానీ పాత వరుస చెరపొద్దు. కింద కొత్త వరుస రాసి తేదీ, రేటు తేడా, ఎవరు సరే అన్నారో పెట్టండి. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపి, అవతలివాళ్ల చేత "ఓకే" అనిపించుకోండి. చివర్లో బిల్లులు, వారంటీ కార్డులు అదే ఫోల్డర్‌లో వేయండి. గొడవ 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ దాకా వెళ్తే చేతిలో ఆధారం ఉండాలిగా!

మేం ఆ కబోర్డు మా డబ్బుతోనే మార్చుకున్నాం. ఈసారి నాన్న స్టాంపు ఉన్న ప్లైవుడ్ ముక్క అడిగి తీసుకుని, గింజల ప్యాకెట్ల పక్కనే దాచారు.

మీ షీట్ ఇవాళే మొదలుపెట్టండి. మళ్లీ కలుద్దాం, బై!