ఆ అమ్మాయి ఏమంది?



ఈ రోజు పట్టా పుచ్చుకుంటున్న మీలో చాలామందిది జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెలే. రేపు ఇక్కడి ఆసుపత్రుల్లోనే పనిచేస్తారు. అక్కడికి తప్పకుండా వచ్చే ఒక తల్లి గురించి చెబుతాను.

ఆమె బీడీలు చేస్తుంది. భర్త దుబాయిలో ఉంటాడు. పద్నాలుగేళ్ల కూతురికి మాట లేదు, నడక లేదు, ఫిట్స్ వస్తాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది, నెలకు 4,016 రూపాయల పింఛను వస్తుంది. నెలసరి మొదలయ్యాక ఒళ్లో చాట పక్కన పెట్టి పదేపదే లేవాలి, పిల్లను కడగాలి, బట్టలు మార్చాలి. ఆ రోజుల్లో బీడీల లెక్క సగానికి పడిపోతుంది. "గర్భసంచి తీసేయుండ్రి సారూ. దీనికేమన్న అయితే ఎట్ల? రేపు నేను పోతే గీ పిల్లను ఎవలు చూస్తరు?" అంటుంది.

ఆమెను కఠినురాలు అనకండి. ఆ పిల్లను పద్నాలుగేళ్లు మోసింది ఆమే. అయినా ఆ ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. "దీనికేమన్న అయితే" అన్న మాటలో ఉన్నది అత్యాచార భయం. గర్భసంచి తీస్తే అత్యాచారం ఆగదు, జరిగింది బయటపడకుండా పోతుంది, అంతే. సంతానం కలగకుండా చేసే ఏ వైద్యమైనా ఆ మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోకుండా చేయకూడదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. 1994లో పుణెలోని ససూన్ ఆసుపత్రిలో ప్రభుత్వ వసతిగృహపు మానసిక వికలాంగ యువతులకు గర్భసంచులు తీశారు. శుభ్రత కోసమన్నారు. సియాటిల్‌లో 2004లో ఒక ఆరేళ్ల పాపకు గర్భసంచి తీసి, ఎత్తు పెరగకుండా హార్మోన్లు ఇచ్చారు. తల్లిదండ్రుల ప్రేమను నేను శంకించను. కానీ కోర్టు అనుమతి లేకుండా గర్భసంచి తీయడం తప్పేనని 2007లో ఆ ఆసుపత్రే ఒప్పుకుంది.

హైదరాబాద్‌లో అదే 2004లో కండరాల క్షీణతతో మంచాన పడ్డ వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు, ప్రాణం పోకముందే తన అవయవాలు దానం చేయాలని కోరాడు. ఆ కోరికను హైకోర్టు దాకా మోసింది తల్లి. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ తీర్పు సంగతి ఎలా ఉన్నా, పుణెలో, సియాటిల్‌లో జరిగినట్టు కాకుండా అక్కడ తల్లి నోట పలికింది కొడుకు మాటే.

మాట రాని పిల్ల విషయంలో ఆమె మాటను వినిపించే పని మీ మీద కూడా పడుతుంది. రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి, గర్భాశయంలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది. ఫిట్స్ మందులతో పొంతన చూసి ఇవ్వండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి పంపండి. దుబాయిలో ఉన్న తండ్రికి ఫోన్ కలిపి ఆయనకూ వివరంగా చెప్పండి. రోజూ కాసేపైనా ఆ పిల్ల దగ్గర కూర్చునే మనిషి దొరకకపోతే ఆ తల్లి మళ్లీ అదే అడుగుతుంది. ఆపరేషన్ థియేటర్లు కట్టుకున్నాం, ఆ ఒక్క మనిషిని మాత్రం ఏర్పాటు చేయలేకపోయాం. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

కేస్ షీట్‌లో "తల్లి కోరిక" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. అమ్మాయిని పేరు పెట్టి పిలవండి, ఆమెతోనే మాట్లాడండి. ఏది చూపిస్తే తల తిప్పుకుందో, ఎప్పుడు చేయి లాక్కుందో, ఎవరిని చూసి నవ్విందో, అది కూడా తేదీ వేసి రాయండి.