పిల్లలు రాస్తే చదివేదెవరు?

(ఎచ్చెర్లలో మన యువతీయువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



చిన్నబడి పిల్లల చేత బ్లాగు రాయించడం గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే వెనక వరసలో నవ్వారు. సిగ్నల్ కోసం గట్టెక్కే ఊళ్లో బ్లాగేటి మాష్టారూ అని. నిజమే. అందుకే ఫోను సంగతి తర్వాత, ముందు నోటుపుస్తకం సంగతి.

బడిలో పిల్లడు రాసింది ఎవరు చదువుతారు? మాష్టారు ఒక్కరే, అదీ తప్పులు దిద్దడానికి. నేను మూడో తరగతిలో ‘మా ఊరు’ వ్యాసం రాశాను. బోర్డు మీదున్నది ఎక్కించేశాను. అందులో మా ఊళ్లో లేని పోస్టాఫీసు ఉంది, రైసు మిల్లు ఉంది. పదికి తొమ్మిది మార్కులొచ్చాయి! మా పోడు, మా జీడితోట, కందికొత్తల పండగ, ఏవీ అందులో లేవు. ఉండాలని కూడా నాకు తోచలేదు.

1920ల్లో ఫ్రాన్సులో సెలెస్తా ఫ్రెనే అని ఒక పల్లెటూరి బడిపంతులు ఉండేవాడు. తరగతి గదిలో చిన్న అచ్చుయంత్రం పెట్టాడు. పిల్లలు తాము చూసిందీ చేసిందీ రాసేవారు, తామే అచ్చువేసేవారు. అవి దూరాన ఉన్న ఇంకో బడికి పోస్టులో వెళ్లేవి, అక్కడి పిల్లల రాతలు వీళ్లకు వచ్చేవి. చదివేవాడికి మన ఊరు తెలియదు కాబట్టి విడమరిచి రాయాలి. అక్కడే చదువు మొదలవుతుంది. పిల్లల బ్లాగు అంటే ఇదే, అచ్చుయంత్రం స్థానంలో ఫోను.

మనకూ ఒక బడిపంతులు ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే మన సవర నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ప్రభుత్వం ఆ పుస్తకాలకు డబ్బిస్తామంటే నాకొద్దు, దాంతో సవరలకు బడి పెట్టండి అన్నారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది. ఏటా ఆగస్టు 29న ఆయన పేరుతో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ సభల్లో సవర మాట ఒక్క వాక్యంలో అయిపోతుంది, అదే నా బాధ. 2004 ప్రాంతంలో సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రభుత్వం వాచకాలు తెచ్చింది. మంచిదే. కానీ వాచకం పిల్లడు చదివేది. పిల్లడు రాసేది ఎవరు చదవాలి?

నా బడిలో మూడో తరగతి పిల్లడు తెలుగులో మూడు ముక్కలకు మించి రాసేవాడు కాదు. ఒకరోజు, నిన్న ఏం చేశావో ఇంట్లో మాట్లాడినట్టే రాయమన్నాను. నాయనమ్మతో కొండచీపుర్లకు వెళ్లిన కథ పేజీ నిండా రాశాడు, తెలుగు అక్షరాల్లో సవర. నీళ్లకు మనం అనే మాటలో గొంతు ఠక్కున ఆగుతుంది కదా, ఆ ఆగడానికి అక్షరం లేక చిన్న గీత పెట్టుకున్నాడు. ఒడిశా వైపు 1936లోనే మంగయి గొమాంగో గారు సొరా సోంపెంగ్ లిపి కట్టారు, 2012లో అది యూనికోడులోకీ వచ్చింది. మావాడికి అవేవీ తెలియవు. అవసరమొచ్చింది, గీత గీశాడు.

ఆ పేజీ గోడకు అంటించాం. మన ఇళ్లలో గోడ మీద బియ్యప్పిండితో ఎడిసింగ్ బొమ్మలు వేస్తాం కదా, గోడ మీద కబురు చెప్పడం మనకు కొత్త కాదు. తర్వాత ఫోటో తీసి, ఇక్కడ డిగ్రీ చదువుతున్న నా పాత విద్యార్థికి పంపాను. ఆ అమ్మాయి తప్పులు దిద్దలేదు. ‘చీపుర్లు ఎన్నాళ్లు ఎండబెడతారు? కట్టకు ఎన్ని పుల్లలు? సంతలో ఎంతకిచ్చారు?’ అని సవరలోనే అడిగింది. పిల్లడు ఇంటికెళ్లి నాయనమ్మను అడిగాడు, పుల్లలు లెక్కపెట్టాడు, రేటు గుణించాడు. మర్నాడు రెండు పేజీలు తెచ్చాడు. తర్వాత అదే కథ తెలుగులో రాయమంటే భయపడలేదు. చెప్పడానికి విషయం ఉంది మరి.

బ్లాగు పెడితే జాగ్రత్తలున్నాయి. పిల్లల పేరు, ముఖం, ఊరు పెట్టకూడదు. తల్లిదండ్రులను అడగాలి. మాష్టారు చూశాకే పేజీ బయటకు వెళ్లాలి, వచ్చిన జవాబూ ముందు మాష్టారే చూడాలి. సిగ్నల్ లేకపోతే వారానికొకసారి సంతకు దిగినప్పుడు పంపితే చాలు. ఇవన్నీ చేయగలం.

చేయలేనిది ఒకటుంది. ఒక పాప తన మేకపిల్ల గురించి రాసింది. చదువుతానన్న కుర్రాడికి పరీక్షలొచ్చాయి, మరిచిపోయాడు. పాప రోజూ ‘వచ్చిందా?’ అని అడిగేది. మూడు వారాలయ్యాక అడగడం మానేసింది. తర్వాత రాయడమూ మానేసింది. ఆ కుర్రాడిని నేనేం అనలేదు. నేనైనా రాయాల్సింది, బద్ధకించాను.

సవర చదవగలిగి, జవాబు రాయగలిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నా సంచిలో పదకొండు పేజీలున్నాయి, పేర్లు తీసేశాను. భోజనాల దగ్గర కూర్చుంటాను, తలా ఒకటి తీసుకోండి. మేకపిల్ల పేజీ కూడా ఉంది. అది తీసుకున్నవాళ్లు మాత్రం ఈ రాత్రికే జవాబు రాయండి, రేపు పొద్దున్న బస్సుకు నేను వెళ్లిపోతున్నాను.