తెల్ల చుక్క ఉన్న పురుగును చంపకండి

హైటెక్ సిటీలో పనిచేసే చాలామందికి అమెరికాలో అన్నో, చెల్లెలో ఉంటారు. న్యూజెర్సీలాంటి చోట్ల వేసవి వస్తే వాళ్ల పెరటి గులాబీలను, ద్రాక్ష ఆకులను జల్లెడ చేసేది జపాన్ పెంకు పురుగు. 1916లో అది అమెరికాలో మొదట బయటపడింది న్యూజెర్సీలోని రివర్టన్ దగ్గరే.

దాని సహజ శత్రువైన ఒక ఈగను శాస్త్రవేత్తలు 1920లలో జపాన్ నుంచే తెప్పించారు. పేరు ఇస్టోకెటా ఆల్డ్రిచై. ఈ ఈగ పెంకు పురుగు తల వెనుక, ఎక్కువగా ఆడవాటి మీదే, తెల్లని గుడ్డు అంటిస్తుంది. గుడ్డులోని పిల్ల పురుగు నేరుగా పెంకు పురుగు ఒంట్లోకి తొలుచుకుపోతుంది. సుమారు వారంలోపే పెంకు పురుగు చనిపోతుంది. ఎక్కువ గుడ్లు పెట్టకముందే ఆడ పురుగు చావడమే ఇక్కడ అసలు లాభం. కొత్త ఈగ నేలలో చలికాలం గడిపి మరుసటి వేసవిలో బయటికొస్తుంది.

ఈగ ఒక్కటే ఈ బెడదను తీర్చలేదు. అయినా దాన్ని కాపాడుకోవడం మన చేతిలో ఉంది. పురుగులను ఏరి సబ్బునీళ్లలో వేసేటప్పుడు తెల్ల చుక్క ఉన్నవాటిని వదిలేయాలి. మందు చల్లితే ఈగలూ చస్తాయి. ఈ మాట మీవాళ్లకు ఫోన్‌లో తప్పకుండా చెప్పండి.