రెండు మూరల త్రోవ



వీధి యనగా బండ్లు పోవు త్రోవ యనియే నేడు పెక్కుమంది తలంపు. నడచువాడు ప్రక్కకు తొలగవలెను. తొలగనిచో తప్పు వానిదే యగును. పూర్వు లట్లు తలపలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రథములకు ఐదు మూరల త్రోవను, పశువులకు నాలుగు మూరల త్రోవను చెప్పి, మేకలవంటి చిన్నజీవములకును మనుష్యులకును రెండు మూరల త్రోవను వేరుగ నిర్ణయించెను. దాని నడ్డగించినవానికి 12 పణముల దండుగ. మేకలతో జతపరచెనని చింతింప నక్కరలేదు. నరునకు తనదైన గజమెడు దారి యుండవలెనని శాస్త్ర మంగీకరించుట ముఖ్యము.

నేడా గజము లేదు. 2022లో మన దేశమున రోడ్డుప్రమాదములలో 1,68,491 మంది మృతిచెందగా, వారిలో 32,825 మంది పాదచారులు. నడచువారి యజాగ్రత్తయే దీనికి కారణమనుట సులభము. లెక్క వేరుగ చెప్పుచున్నది. గంటకు 50 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఒక్క సెకనులో 14 మీటర్లు దాటును. 30 కిలోమీటర్ల వేగమున 8 మీటర్లే. బడి విడిచిన వేళ పిల్లవాడు వీధి కడ్డముగ పరుగెత్తినచో, తోలువాడు చూచి బ్రేకు త్రొక్కుటకు సుమారొక సెకను పట్టును. పిల్లవాని ప్రాణ మా ఆరు మీటర్లలో నున్నది. పిల్లలకు బుద్ధి చెప్పుడనువారు ఆరేండ్లవానికి ఎంత బుద్ధి యుండునో యెరుగరు కాబోలు.

నెదర్లాండ్స్ దేశమున 1971లో మూడువేలకు పైగా జనులు రోడ్లపై మరణించిరి. అందు నాలుగువందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులలోనికి వచ్చి ఆందోళన సలిపిరి. అప్పటికే డెల్ఫ్ట్ పట్టణమున కొన్ని నివాసవీధులకు వంపులు కల్పించి, చెట్లు నాటి, బండి తనంత తానే మందగించునట్లు చేసియుండిరి. అట్టి వీధులలో బండి నడకవేగమును మించరాదని 1976లో శాసన మేర్పడెను.

మన పల్లెలలోనో, ప్రమాదము జరిగిన మరునాడు ఇటుకముక్కలు, మట్టి పోసి మోకాలెత్తు గట్టు కట్టుదురు. కారు దాని నెట్లో దాటిపోవును. పాలక్యానులతో సైకిలుపై వచ్చువాడు పడును. ఇండియన్ రోడ్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము గట్టు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, విల్లువలె నునుపుగ లేచి దిగవలెను. కోతల కాలమున సగము రోడ్డుపై ధాన్య మారబోసి, చుట్టును రాళ్లు పేర్చుట మరియొక విపత్తు. సైకిలువాడు లారీ కెదురుగ పోక యేమి చేయును?

రెండు మూరల చోటు ఊరిలోనే కలదు. మురుగుకాలువలపై పలకలు పరచినచో చాలును. అయితే ఆ కాలువలపైకి అరుగులు పెంచుకొన్నవారు వానిని వెనుకకు జరుపుకొనవలసి యుండును. అట్టివారు కొందరు ఈ సభలో ముందువరుసననే ఆసీనులై యున్నారు.